పురికొసత్త ముడులు విప్పిన ముగ్గురు

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ అసలు పేరేమిటని ఎవరైనా అడిగారంటే వాళ్ళు మా వీధివాళ్ళు కాదని అర్థం. చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పురికొసత్తే. సరుకుల పొట్లానికి కట్టిన పురికొస ఇంకెవరింట్లోనైనా చెత్తబుట్టలోకి పోతుంది. ఆవిడ ఇంట్లో మాత్రం దాన్ని మెల్లగా విప్పి, తడిచేత్తో సాపు చేసి, నాలుగు వేళ్ళకి చుట్టి దాస్తారు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళాయన ఇదేదో పిసినారితనం అనుకున్నాడట. అది ఆవిడ ఆఫీసని తర్వాత తెలిసింది.

నేను ఆవిడ పక్క గదిలో ఇస్త్రీ చేస్తాను. రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు, జానెడు ఖాళీ ఉంది. ఆ జానెడులోంచి ఆవిడ మిషను చప్పుడు ఇటు, నా కబుర్లు అటు పోతూ ఉంటాయి. మిషను ఆగితే నా ఇస్త్రీపెట్టె కూడా ఆగుతుంది, ఏం జరిగిందో అని. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా నేను విన్నదీ చూసిందీనే. కొంచెం నేను చేసింది కూడా ఉంది. అది వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

ఆవిడ చదువు రెండో తరగతితో ఆగిపోయింది. అంకెలు ఇరవై దాటితే ఒకదాన్నొకటి తోసుకుంటాయని ఆవిడే చెబుతుంది. అందుకని మేనత్త దగ్గర పని నేర్చుకున్నప్పుడు పురికొసతో కొలవడం పట్టుకుంది, ఇక వదల్లేదు. మెడలో టేపు ఉంటుంది కానీ అది మర్యాద కోసం. మిషను వెనకాల గోడకి వరసగా మేకులు, మేకుమేకుకీ ఏడెనిమిది పురికొస ముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో మనిషి. పైకొసకి ఆ మనిషి బట్టల్లో మిగిలిన గుడ్డపీలికో, ఊడిన గుండీయో కట్టి ఉంటుంది. అదే వాళ్ళ పేరు. భుజానికి ఒంటిముడి, ఛాతీకి జంటముడి, నడుముకి మూడు చుట్ల ముడి. ఇలా దేని తీరు దానిదే.

ఇవి కాక జారుముడులని చిన్నచిన్నవి ఉంటాయి. అసలు సంగతంతా వాటిలోనే ఉంది. నడుము ముడి పక్కన జారుముడి ఉంటే, "బిగుతుగా కుట్టమంటుంది, వినకు" అని. భుజం ముడికి పైన ఉంటే కుడిభుజం దిగిందని, కింద ఉంటే ఎడమదని. అప్పుడు ఆవిడ ఆ వైపు లోపల రెండు మడతల గుడ్డ పెట్టి కుడుతుంది. మా వీధిలో భుజాలు సమంగా లేనివాళ్ళు పదిమందైనా ఉంటారు. ఆ సంగతి వాళ్ళకే తెలియదు. అద్దంలో చక్కగా కనిపిస్తారు. వాళ్ళ తరఫున చొక్కా అబద్ధం చెబుతుంది. నా పురికొసకి ఎన్ని జారుముడులు ఉన్నాయో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పదనీ తెలుసు, చెబితే నేను తట్టుకోలేననీ తెలుసు.

తమాషా ఏమిటంటే వాళ్ళాయన రిటైరైన లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఒక్కటే పాట.

"పుస్తకంలో రాసుకోవే. నేను గళ్ళు గీసి ఇస్తాను."

"మీ పుస్తకం ఎవరైనా చదువుతారు. నా పురికొస నేనొక్కదాన్నే చదువుతాను."

అక్కడితో మాస్టారు పేపరు వెనక్కి వెళ్ళిపోతారు. మొదటి మేకు మీద మొదటి ముక్క ఆయనదే. దాని మీద నడుము ముడి ఏడాదికోసారి కిందికి దిగుతూ వస్తోందని ఆయనకి లోలోపల బెంగ.

ఇంతకీ ఆవిడకి పేరు తెచ్చిన పని ఆసుపత్రిది. మా వీధి చివర ఆసుపత్రిలో నర్సులు, ఆయాలు కలిసి ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళ యూనిఫారాలన్నీ ఆవిడే కుడుతోంది. ఆ పనే లేకపోతే ఆవిడకి మిగిలేది చిరుగులకి అతుకులు, పాంట్లు పొట్టి చేయడాలు. ఈసారి ఆసుపత్రిలో కొత్త వార్డు తెరుస్తున్నారు. పెద్దనర్సమ్మ లేతనీలం తాను పంపించి, పదకొండు రోజుల గడువు పెట్టింది. వార్డు తెరిచే ఆదివారానికి ముందురోజు సాయంత్రానికి ముప్పై ఒకటీ తన ముందుండాలని చెప్పింది. పెద్దనర్సమ్మ మాటంటే మాటే. ఆవిడ నడిచివస్తుంటే జ్వరాలు కూడా లేచి నిలబడతాయి.

గడువులో మూడోరోజున యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరుగారు ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు.

"వీళ్ళు మీ దగ్గర నలభై గంటలు సేవ చేస్తారమ్మా. సేవ చేస్తూ నేర్చుకుంటారు. దీనికి మార్కులుంటాయి."

"సేవ ఎవరికండీ?"

"మీకే."

"నాకేం జబ్బు లేదండీ. ఆసుపత్రి వీధి చివర."

"అలా కాదమ్మా. మీకున్న అవసరం ఏమిటో వీళ్ళే పరిశీలించి కనిపెడతారు."

"నన్నడిగితే నేనే చెబుతాను కదండీ."

ప్రొఫెసరుగారు చాలా సంతోషించి ఆ మాట కాగితం మీద రాసుకుని, అడక్కుండానే వెళ్ళిపోయారు.

ముగ్గురికీ ఆ పూటే మేం పేర్లు పెట్టేశాం. ముందుండి నడిపించేది కళ్ళజోడు. చురుకైన పిల్ల, ఏ పనైనా మధ్యలో వదిలిపెట్టే రకం కాదు. రెండోవాడు పొడుగు. గుమ్మంలో వంగి లోపలికొచ్చి, నిటారుగా నిలబడి, ఫ్యానుని చూసి మళ్ళీ వంగాడు. మూడో పిల్ల ఎవరేమన్నా "అవునండీ" అంటుంది. కాబట్టి అవునండీ.

మొదటిరోజు అరవై రెండు ప్రశ్నల కాగితం తీశారు. పురికొసత్త కత్తెర ఆపకుండానే జవాబులు చెప్పింది.

"మీకు విశ్రాంతి ఎప్పుడు దొరుకుతుందాంటీ?"

"కరెంటు పోయినప్పుడు."

"మీ పనిలో ప్రస్తుతం మీకున్న ముఖ్యమైన ఇబ్బంది ఏమిటి?"

"ప్రస్తుతమా? నువ్వు వెలుతురుకి అడ్డంగా కూర్చున్నావు తల్లీ."

"అవునండీ," అంది అవునండీ. కళ్ళజోడు లేచి పక్కకి జరిగి, ఆ జవాబు కూడా రాసుకుంది.

మర్నాడు పురికొసత్త లేతనీలం దారమూ గుండీలూ తేవడానికి బజారుకి వెళుతూ గది వాళ్ళకి అప్పగించింది. ముగ్గురూ కాసేపు గుసగుసలాడుకుని, గది సర్దడమే ఆవిడకి కావలసిన సేవ అని తేల్చారు. గుడ్డపీలికలు ఏరారు, అద్దం తుడిచారు. ఆ తర్వాత కళ్ళజోడు గోడ మీంచి తల పెట్టి నన్ను పిలిచింది. పొడుగు ఎత్తుకుని ఉంటాడు.

"ఆంటీ, ఈ గోడకి చిక్కులు పడిపోయిన దారాలున్నాయి కదా, ఇవి ఎప్పటివి?"

నేను అప్పుడు ఆరువందల మడతలున్న గౌను ఒకటి ఇస్త్రీ చేస్తూ, మా మరదలి సంగతి ఒకావిడకి చెబుతున్నాను. కథ మంచి పట్టులో ఉంది. తల తిప్పకుండా "ఎప్పటివో అమ్మా, ఏళ్ళనాటివి" అన్నాను. అన్నది నిజమే. నేను చేసింది అదే, ఇదిగో ఒప్పుకున్నాను.

వాళ్ళే గనక బద్ధకం పిల్లలైతే ఏ ఇబ్బందీ లేకపోయేది. ఆ పురికొసలన్నీ పీకి బుట్టలో పడేసేవాళ్ళు, ముడులు ముడుల్లా ఉండేవి, ఏరుకుని మళ్ళీ మేకులకి తగిలించుకునేవాళ్ళం. కానీ వీళ్ళకి తరగతిలో చెప్పారట, జనం వస్తువు ఏదీ పారెయ్యకూడదు, గౌరవించాలి అని. గౌరవించారు. ముగ్గురూ కింద కూర్చుని, జడపిన్నుతోనూ సూదిమొనతోనూ ఒక్కొక్క ముడే విప్పారు. పళ్ళతో లాగకూడదని కళ్ళజోడు కట్టడి చేసిందట, తెగుతాయని. విప్పినవాటిని తడిచేత్తో సాపు చేసి, చక్కటి ఉండలు చుట్టారు. గుండీలు రంగుల వారీగా సీసాల్లో పోశారు. మేకులు బట్టతో తుడిచారు.

పురికొసత్త గుమ్మంలోకి వచ్చింది. మిషను చప్పుడు లేదు, అయినా నా పెట్టె ఆగిపోయింది.

గోడ నున్నగా మెరుస్తోంది. ముగ్గురూ వరసగా నిలబడి ఆవిడ మొహంలోకి చూస్తున్నారు, బహుమతి విప్పేటప్పుడు చూస్తారే, అలా.

ఆవిడ బజారు సంచీ కింద పెట్టింది. స్టూలు మీద కూర్చుంది. అరిచి గోల చేస్తుందనుకున్నాను. అలా చేసినా బాగుండేది.

"ఎన్ని గంటలు పట్టింది నాన్నా?"

"మూడున్నర గంటలాంటీ. ఒక్కటి కూడా తెగలేదు," అన్నాడు పొడుగు.

"నాకు వెయ్యడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది."

ఆ తర్వాత సంగతి చెప్పింది. చెబుతున్నకొద్దీ పిల్లల మొహాలు ఉతికి ఆరేసిన గుడ్డల్లా అయిపోయాయి. కళ్ళజోడు జోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, తీసి మళ్ళీ తుడుచుకుంది. పొడుగు ఉన్నట్టుండి ఫోను తీశాడు.

"ఫొటో ఉంది, ఆంటీ. సర్దకముందు తీశాం. అందులో ముడులు కనిపిస్తాయి."

అందరం ఫోను మీద పడ్డాం. నేనూ ఇస్త్రీ వదిలేసి వచ్చాను. ఫొటోలో కళ్ళజోడు గోడంతా ఆక్రమించి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆ పిల్ల చెవి వెనకనుంచి ఒకే ఒక్క పురికొస కనిపిస్తోంది.

"అది మా ఆయనది," అంది పురికొసత్త.

పేపరు వెనక మాస్టారు కదిలారు. "నడుము ముడి కనిపిస్తోందా?"

"అదొక్కటే కనిపిస్తోంది."

ఆ ముడి మాయమవడానికి ముప్పై ఏళ్ళలో ఆయనకి దొరికిన ఒక్క అవకాశమూ పోయింది. పేపరు మళ్ళీ పైకి లేచింది.

కళ్ళజోడు ఊరుకునే పిల్ల కాదని చెప్పాను కదా. మర్నాడు పొద్దున్నే పురికొసత్తకి చెప్పకుండా టేపూ నోటుబుక్కూ పట్టుకుని ఇద్దర్నీ తీసుకుని ఆసుపత్రికి పోయింది. అంకెలతో పని అయిపోతుందనుకుంది. డ్యూటీ మారే వేళ, ఒక పొడవాటి గదిలో ఆడవాళ్ళంతా కొలతలకి వరసలో నిలబడ్డారు. ముందు పెద్దనర్సమ్మ. కళ్ళజోడు కొలిచి గట్టిగా చెబుతోంది, పొడుగు రాస్తున్నాడు.

"కుడిభుజం ఎడమదానికంటే ముప్పావు అంగుళం కిందికుంది. రాసుకో."

"అవునండీ," అంది అవునండీ, ఇంకాస్త గట్టిగా.

ఎవరి చేతిలోనో ట్రే ఆగిపోయిందట. ఒక చిన్న నర్సు నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించింది. ఆ దగ్గు విని పెద్దనర్సమ్మ అటు తిరిగింది, తిరిగేటప్పుడు భుజం సర్దుకుంది. ఇరవై ఏళ్ళలో ఆవిడ భుజం సర్దుకోవడం ఎవరూ చూడలేదు.

"టేపు మడిచి పెట్టుకోమ్మా," అంది. "బజారులో రెడీమేడ్ కొట్టుంది. చిన్నది, నడిమిది, పెద్దది. అంతే. వాళ్ళు ఎవరి భుజాలూ చూడరు. మీ అత్తతో చెప్పు. శనివారం సాయంత్రానికి ముప్పై ఒకటీ కుదిరితే సరే. ఒక్కటి కుదరకపోయినా ఇకమీదట యూనిఫారాలు అక్కడే. నన్ను మాత్రం ఇంకెవరూ కొలవక్కర్లేదు."

వెనకాల వరసంతా కరిగిపోయింది. ఒకావిడకి డ్యూటీ గుర్తొచ్చింది, ఒకావిడకి అప్పుడే తలనొప్పి వచ్చింది. తమ ఒంట్లో ఏం బయటపడుతుందోనని ఎవరి భయం వాళ్ళది.

ముగ్గురూ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. చేతిలో ఒక్క మనిషి కొలత ఉంది, అదీ ఉండకూడని కొలత. పురికొసత్త అంతా విని, కళ్ళజోడు చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, ఆ కాగితం చింపి, నమిలి మింగుతుందేమో అన్నట్టు నలిపింది. మింగలేదు. పొయ్యి కోసం నాకిచ్చింది.

"అత్తా, మేం రేపట్నించి రాకుండా ఉంటే మీకు మేలు," అంది కళ్ళజోడు. ఆంటీ పోయి అత్త వచ్చింది, అది మాత్రం అందరికీ వినిపించింది.

"నాలుగున్నర గంటలు చేసి పోతానంటే ఎలా? నలభై కదా. కూర్చో."

"మీకు కోపం లేదా?"

"ఉంది. శనివారం తర్వాత పడతాను. ఇప్పుడు తీరిక లేదు."

ఇక్కడ నేను కాస్త అక్కరకొచ్చాను. పాత యూనిఫారాలు ఇస్త్రీకి వచ్చేది నా దగ్గరికే. ముప్పై ఒక్కరిలో ముప్పైమందివీ దొరికాయి. పెద్దనర్సమ్మవి మాత్రం లేవు. ఆవిడ ఆ మధ్యాహ్నమే మనిషిని పంపి తనవి వెనక్కి తెప్పించుకుంది, నేనూ ఆ గోడ పక్కదాన్నే కదా. పైగా ఆరోజునుంచి మా వీధిలోంచి నడవడం మానేసి, వెనక సందులోంచి చుట్టుతిరిగి పోతోంది.

"పాత బట్టలు కొలిస్తే సరిపోతుంది కదత్తా," అన్నాడు పొడుగు.

"అది మూడేళ్ళ కిందటి మనిషి నాయనా. ఇప్పటి మనిషి వీధిలో నడుస్తోంది. రా."

పొద్దున డ్యూటీకి పోయే వేళా, మధ్యాహ్నం డ్యూటీ దిగే వేళా ఆవిడ గుమ్మం మెట్టు మీద కూర్చునేది. ఏళ్ళ తరబడి చేస్తున్నదదే, మాకెవరికీ తెలియలేదు. మాతో కబుర్లాడుతోందనుకున్నాం. వీధిలో పోయేవాళ్ళని చూసి లోపలికెళ్ళి ముడి జరిపేదట. ఇప్పుడు మెట్టు మీద నలుగురు. ఒళ్ళో పాత యూనిఫారం, చేతిలో కొత్త పురికొస.

"ఆ వచ్చేదెవరు?"

"మందుల గది ఆయమ్మ. పాతదాని నడుము ముప్పై రెండు," అంది కళ్ళజోడు.

"నడుము నాకెందుకే, చేతులు చూడు. ఎలా నడుస్తోంది?"

"చేతులు కొంచెం దూరంగా పెట్టుకుని."

"ఎందుకు?"

కళ్ళజోడు చాలాసేపు చూసింది. ఆయమ్మ మా ముందునుంచి పోయి మలుపు తిరిగింది.

"చంకలో పట్టేస్తోంది."

"అదీ. చంక కింద రెండు వేళ్ళు వదులు. మనిషిని కొలవకు తల్లీ. ఆ మనిషి బట్టతో ఎక్కడ పోట్లాడుతోందో చూడు."

"అవునండీ," అంది అవునండీ. అని, ఎవరూ చెప్పకుండానే జారుముడి వేసింది. ఆ పిల్ల వేళ్ళు పురికొస కోసమే పుట్టాయి. విప్పడంలోనూ ఎక్కువ వాటా తనదేనట.

పొడుగుతోనే చిక్కొచ్చింది. రెండోరోజు ఒక నర్సు ఎదురొచ్చి నిలబడింది.

"అత్తా, ఈ తాటిచెట్టు నన్ను ఎగాదిగా చూస్తోంది, చెప్పెయ్."

"నిన్ను కాదమ్మా, నీ కాలరుని."

"కాలరు నా మెడకే ఉంది కదా."

అప్పట్నించి వాణ్ణి వీధికి వీపు తిప్పి కూర్చోబెట్టాం. చూసేది కళ్ళజోడు, చదివేది పురికొసత్త, ముడి వేసేది అవునండీ. వాడు గోడవైపు తిరిగి గుండీలు కుడుతూ, వెనక ఏం జరుగుతోందో మాటిమాటికీ అడుగుతూ ఉండేవాడు. కోసిన ముక్కలకి అంచులు మడవడం, కాజాలు వెయ్యడం అన్నీ ముగ్గురూ పంచుకున్నారు. మాస్టారు గుడ్డ వృథా కాకుండా ముక్కలు ఎలా పరవాలో లెక్కవేసి ఇచ్చారు. ముప్పై ఏళ్ళకి ఆయన లెక్క ఆ ఇంట్లో మొదటిసారి పనికొచ్చింది. ఆరోజు ఆయన పేపరు తియ్యలేదు.

గురువారానికి ముప్పై తయారు. ముప్పై ఒకటోది, లేతనీలం గుడ్డ, మిషను పక్కన మడతపెట్టి అలాగే ఉంది. పెద్దనర్సమ్మది.

"గుర్తులేదా వదినా నీకు?" అని గోడమీంచి అడిగాను.

"పోయినేడాది మనిషి గుర్తుంది వదినా. ఈ ఏడు ఆవిడ కాస్త తగ్గింది. ఎక్కడ తగ్గిందో చూడాలి. చూడ్డానికి ఇటు రాదు."

ఆ మాటకే అన్నట్టు పొడుగు "అబ్బా" అన్నాడు. గుండీ కుడుతూ సూది వేల్లో దింపుకున్నాడు. పాత సూది, తుప్పు సూది. పురికొసత్త వేలు చూసింది, మడతపెట్టిన గుడ్డని చూసింది, వాడి మొహం చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"తుప్పు సూది నాయనా. ఇంజెక్షన్ వేయించాల్సిందే."

"వద్దత్తా, చిన్నదే. రక్తం కూడా రాలేదు."

"ఆరడుగులున్నావు, ఇంజెక్షనంటే భయమా?"

"అవునండీ," అన్నాడు పొడుగు. నిజమైన అవునండీ గిరుక్కున వాడికేసి తిరిగింది.

ముందు పురికొసత్త, మధ్యలో పొడుగు, పారిపోకుండా అటూ ఇటూ అమ్మాయిలిద్దరూ. పెట్టె ఆర్పేసి నేనూ వెనక పడ్డాను. ఇలాంటిది చూడకుండా ఇంట్లో కూర్చుంటే నాకు అన్నం సయించదు. పెద్దనర్సమ్మ మమ్మల్ని చూసి, పురికొసత్తని చూడనట్టు చూసి, సిరంజి తీసింది. చుట్టూ ఐదారుగురు నర్సులు చేరారు, తమాషాకి.

పెద్దనర్సమ్మ అలమర పైఅరలో మందు కోసం చెయ్యెత్తింది. పురికొసత్త చెయ్యి సంచిలోకి పోయింది. ఆవిడ వంగి దూది తీసింది, సంచిలో చెయ్యి కదిలింది. సూది ఇంకా గుచ్చకముందే పొడుగు కేక పెట్టాడు, ఆవిడ చిరాగ్గా రెండు భుజాలూ ఎగరేసింది. సంచిలో చెయ్యి గబగబా రెండుసార్లు కదిలింది. నేను చూశాను. పెద్దనర్సమ్మా చూసింది.

"ఏంటత్తా, అంతలా చూస్తున్నావ్?"

"వీడి ఏడుపమ్మా. ఇంత పొడుగు మనిషిలో ఇంత సన్న గొంతు ఎలా పట్టిందా అని."

పెద్దనర్సమ్మ నవ్వలేదు. దూది నొక్కిపెట్టి, సిరంజి పళ్ళెంలో పెట్టి, వెనక్కి తిరక్కుండానే చాలా మెల్లగా అడిగింది.

"నిజమేనా అత్తా, ఆ పిల్ల చెప్పింది?"

ఆ గొంతు ఆవిడదేనా అనిపించింది నాకు. అంత పెద్దావిడ, రాత్రంతా ఎవరెవరి ప్రాణాలో పట్టుకుని నిలబడే ఆవిడ, నాలుగైదు రోజులుగా సందులు తిరిగి తిరిగి పోయింది ఈ ఒక్కమాట కోసం. చుట్టూ నర్సులంతా చెవులు రిక్కించారు. పురికొసత్త నోరు తెరిచే లోపలే కళ్ళజోడు ముందుకొచ్చింది.

ఇప్పుడు చెప్పాలి. ఆ పిల్ల అంగుళంలో ఎనిమిదో వంతు తప్పినా మళ్ళీ మొదట్నుంచి కొలిచే రకం. వారంరోజుల్లో ఆ పిల్ల కొలత ఒక్కటీ తప్పలేదు.

"నేనే టేపు వంకరగా పట్టుకున్నానండి," అంది. అందరికీ వినపడేలా, ఆరోజు ఎంత గట్టిగా చెప్పిందో అంత గట్టిగా. "ఒక కొస జారిపోయింది. నాకు కొలవడం రాదు. అప్పటికి ఇంకా నేర్చుకోలేదు."

"అవునండీ," అంది అవునండీ.

దగ్గినట్టు నటించిన చిన్న నర్సు ఈసారి పైకే నవ్వేసింది, కళ్ళజోడుని చూసి. పెద్దనర్సమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. నిటారుగా, ఎప్పటిలా.

"అనుకున్నాను. అంతంత చదువులు చదువుతారు, టేపు పట్టుకోవడం రాదు." ఆ తర్వాత పురికొసత్తకేసి తిరిగింది. "నాది మొదలుపెట్టావా అసలు?"

"నిన్నే కోసేశానమ్మా."

"కొలత లేకుండానే?"

"మీ కొలత నాకు కొత్తా?"

శనివారం సాయంత్రం ముప్పై ఒక్క జతలూ నేనే ఇస్త్రీ చేశాను, చేయి మంటలు పుట్టేదాకా. ముప్పై కుదిరాయి. ముప్పై ఒకటోది పెద్దనర్సమ్మ తొడుక్కుని తన గదిలో అద్దం ముందు నిలబడింది. తలుపు ఓరగా ఉంది, నేను చూశాను, తప్పేమీ లేదు. ముందు కుడిభుజం చూసుకుంది, తర్వాత ఎడమది, తర్వాత మళ్ళీ కుడిది. అద్దంలో రెండూ ఒకే గీత మీద ఉన్నాయి. కాలరు సర్దుకుంది. భుజం సర్దుకోలేదు. మర్నాడు కొత్త వార్డుకి మా వీధిలోంచే నడిచి వెళ్ళింది.

సోమవారం ప్రొఫెసరుగారు వచ్చారు. కళ్ళజోడు రాసిన కాగితాలు తిరగేశారు. మొదటి పేజీలోనే "మేము ముందు ఈ గదికి చాలా పెద్ద నష్టం చేశాము" అని ఉంది. ఆయన అది రెండుసార్లు చదివి, వెనక పేజీలకి పోయారు.

"ముప్పై ఒక్క మందికి కుట్టారని రాశారు. కొలతల పట్టిక ఏది?"

"అది రాసేది కాదండి," అంది కళ్ళజోడు.

"మరి నేను మార్కులు దేన్ని చూసి వెయ్యాలి?"

పురికొసత్త మిషను ఆపింది. ఆయన్ని కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"బాబుగారూ, మీ చొక్కా వీపు దగ్గర పట్టేస్తోంది. ఒకటి కుట్టిస్తాను, వీళ్ళచేతే కొలిపిస్తాను. కుదిరితే వెయ్యండి."

ప్రొఫెసరుగారు మొహమాటపడుతూనే చేతులు చాపి నిలబడ్డారు. అవునండీ పురికొస పట్టింది. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది. నేను గోడమీంచి చూస్తున్నాను, నాకే కనిపించింది. ఎడమచెయ్యి కుడిదానికంటే బొటనవేలు మందం పొడవు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కళ్ళజోడు ఫ్యానుకేసి చూసింది. పొడుగు తన వేలికున్న పట్టీ చూసుకున్నాడు.

"ఏమ్మా, అన్నీ సరిగ్గా ఉన్నట్టేనా?" అన్నారాయన నవ్వుతూ.

"అవునండీ," అంది అవునండీ. వీపు వెనక ఆ పిల్ల వేళ్ళు మెల్లగా ఒక జారుముడి వేశాయి.

పురికొసత్త తల వంచుకుని మిషను తిప్పింది. ఆయన పాత చొక్కా గుండీ ఇప్పుడు మూడో మేకు మీద ఉంది, ఏ రంగో మాత్రం నేను చెప్పను.